మబ్బులోకి వెళ్లాక విమానం ఎందుకు అదుపు తప్పుతుంది? జక్కూరు నుంచి క్రాస్ కంట్రీకి ముందు కొన్ని సందేహాలు

ఎస్పీఎల్_జక్కూరు:

అందరికీ నమస్కారం. బెంగళూరులోని జక్కూరు ఏరోడ్రోమ్‌లో పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) శిక్షణ. సెస్నా 152, 172 అనే చిన్న విమానాలు రెండూ నడుపుతున్నాను. సోలో క్రాస్ కంట్రీ (ఒంటరిగా వేరే ఊరికి ఎగరడం) దగ్గరపడుతోంది కాబట్టి చిన్న విమానాల ప్రమాద నివేదికలు చదువుతున్నాను. దేశం ఏదైనా కథ మాత్రం ఒకటే. వీఎఫ్ఆర్‌లో, అంటే బయట చూస్తూ నడిపే నియమాల కింద, బయల్దేరడం, దారిలో వాతావరణం తగ్గడం, ఇంకాస్త ముందుకెళ్లి చూద్దాం అనుకోవడం, మబ్బులో దూరడం, రెండు మూడు నిమిషాల్లో నేలకు కొట్టుకోవడం.

నాకు అర్థం కానివి ఇవి. ఎదురుగా మబ్బు కనబడుతుంటే వెనక్కి తిప్పడానికి ఏమిటి అడ్డం? లోపలికి వెళ్లాక కూడా ఇంజన్ బాగుంది, రెక్కలు బాగున్నాయి, గేజ్‌లు పనిచేస్తున్నాయి. మరి అదుపు ఎందుకు తప్పుతుంది? 178 సెకన్లు అని ఒక లెక్క అందరూ చెబుతారు, అది ఎక్కడిది? వైఎస్ రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ప్రమాదం కూడా ఈ కోవలోకే వస్తుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, బెంగళూరు చుట్టుపక్కల ఏ అంకె చూసి ఈరోజు వద్దు అనుకోవాలి?

---

కుడిసీటు:

మంచి ప్రశ్నలండీ. మొదటిది అందరూ తేలికగా తీసుకునేది, కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మబ్బు గోడలా ఎదురుగా నిలబడితే ఎవరైనా తిప్పుతారు. అలా నిలబడదు. 8 కిలోమీటర్ల విజిబిలిటీ (కంటికి ఆనే దూరం) 6 అవుతుంది, 6 కాస్తా 4 అవుతుంది. మధ్యలో ఇక్కడితో అయిపోయింది అని చెప్పే గీత ఏదీ ఉండదు. మబ్బు అడుగు కూడా అంతే. 200 అడుగులు దిగితే మళ్లీ అంతా బాగానే కనబడుతుంది, ఇంకో 200 దిగితే మళ్లీ బాగానే ఉంటుంది. పైలట్ చూస్తున్నది ప్రతిసారీ ‘ఇప్పుడు బాగానే ఉంది’ అన్నదే.

ఇప్పుడు లెక్క చూడండి. 100 నాట్లు అంటే సెకనుకు దాదాపు 51 మీటర్లు. 5 కిలోమీటర్లు కనబడుతుంటే ఆ దూరం చేరడానికి 97 సెకన్లు ఉంటాయి. 1,500 మీటర్లే కనబడుతుంటే 29 సెకన్లు. స్టాండర్డ్ రేట్ టర్న్ అంటే సెకనుకు 3 డిగ్రీలు, 180 డిగ్రీలు తిరగడానికి నిమిషం పడుతుంది. 100 నాట్ల దగ్గర ఆ అర్ధవృత్తం అడ్డంగా దాదాపు 2 కిలోమీటర్లు వస్తుంది. అంటే 1,500 మీటర్లు మాత్రమే కనబడుతున్నప్పుడు మీ మలుపు మీరు చూస్తున్న చోటులో ఇమడదు. తిరుగుతూ తిరుగుతూనే మబ్బులోకి వెళతారు. 90 నాట్లకు తగ్గి 30 డిగ్రీల బ్యాంక్ (రెక్కల వాలు) పెడితే మలుపు అడ్డంగా 760 మీటర్ల దగ్గరకు వస్తుంది, 26 సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువ విజిబిలిటీలో నేల దగ్గరగా 30 డిగ్రీల బ్యాంక్ పెట్టడం ఎంత ఒత్తిడో ఊహించండి. అందుకే మలుపు తిప్పాల్సింది 5 కిలోమీటర్లు ఉండగానే. అప్పుడు అది మామూలు మలుపు.

ఇక చెవి సంగతి. లోపలి చెవిలో ఒక్కో పక్క మూడేసి అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, ఆ తేడానే మెదడు మలుపు అనుకుంటుంది. ఇందులో రెండు లోపాలున్నాయి. సెకనుకు సుమారు 2 డిగ్రీలకన్నా నెమ్మదిగా రెక్క వాలితే చెవికి అసలు తెలియదు. రెండోది, ఒకే రేటుతో 15, 20 సెకన్లు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా నాళంతో పాటు కదలడం మొదలుపెడుతుంది, మలుపు ఆగిపోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు గేజ్ చూసి రెక్కలు సమం చేస్తే శరీరం మాత్రం అవతలి వైపు వాలిపోతున్నానని గోల పెడుతుంది. నిజంగా సమంగా ఉన్న విమానాన్ని పైలట్ మళ్లీ వాల్చేది ఆ క్షణంలోనే.

విమానం వాలిందనుకోండి. లిఫ్ట్ (రెక్కలు పైకి ఎత్తే బలం) పక్కకు ఒరుగుతుంది, బరువు మోయడానికి చాలదు, ముక్కు కిందికి దిగుతుంది, స్పీడ్ పెరుగుతుంది. పైలట్‌కు మాత్రం రెక్కలు సమంగా ఉండి నేరుగా దిగుతున్నట్టే ఉంటుంది. దిగుతున్నాం కదా అని యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగుతాడు. వాలిన రెక్కలతో లాగితే ఎత్తు పెరగదు, మలుపు బిగుసుకుంటుంది. రెక్కల మీద భారం 30 డిగ్రీల దగ్గర 1.15 జీ (మామూలు బరువుకు 1.15 రెట్లు), 60 డిగ్రీలకు 2 జీ. స్టాల్ స్పీడ్ (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) కూడా 60 డిగ్రీల దగ్గర 41 శాతం పెరుగుతుంది. ఇలా బిగుసుకుంటూ కిందికి దిగే మలుపే గ్రేవ్‌యార్డ్ స్పైరల్. 1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడి కొడుకు జాన్ ఎఫ్ కెనెడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సారటోగా పడింది ఇలాగే. రాత్రి, సముద్రం మీద, పొగలాంటి హేజ్, కంటికి క్షితిజం లేదు. చివర్లో నిమిషానికి 4,700 అడుగులకు పైగా వేగంతో దిగినట్టు రాడార్ రికార్డులో తేలింది. విమానంలో లోపం ఏదీ దొరకలేదు.

178 సెకన్లు అన్నది 1954లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ (గేజ్‌లు మాత్రమే చూసి నడపడం) లేని 20 మందిని బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో బయటిది కనబడకుండా చేసి నడపమన్నారు. 19 మంది స్పైరల్‌లోకి వెళ్లారు, ఒకరు స్టాల్‌లోకి. అదుపు తప్పడానికి పట్టిన సమయం సగటున 178 సెకన్లు. కానీ సగటును పట్టుకుని మూడు నిమిషాలు ఉంటాయిలే అనుకోకండి. అతి తక్కువ 20 సెకన్లు, అతి ఎక్కువ 480. ఆ ప్రయోగంలో రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు, నా దృష్టిలో అదే ముఖ్యం. అదే మనుషులకు ఒక సాదా పద్ధతిలో వెనక్కి తిరగడం నేర్పించారు. నేర్పాక దాదాపు ప్రతిసారీ సురక్షితంగా తిరిగారు.

వైఎస్ గారి ప్రమాదాన్ని ఈ గాటన కట్టకూడదండీ. 2009 సెప్టెంబర్ 2న బేగంపేట నుంచి చిత్తూరు వైపు వెళ్లిన బెల్ 430 అది, నల్లమలలో పడింది. దారిలో ఉరుముల మేఘాలున్నాయి. విచారణ కమిటీ తేల్చింది ఏమిటంటే బలమైన కిందిగాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని. అంతకుముందు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక కోసం సిబ్బంది చెక్‌లిస్ట్‌తో తలమునకలయ్యారని కూడా చెప్పింది. వాతావరణానిదే పెద్ద పాత్ర, కానీ దాని స్వభావం వేరు. మీరడిగిన దానికి దగ్గరగా ఉన్నది 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర త్రిదళాధిపతి జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న ఎంఐ-17వీ5 హెలికాప్టర్ ప్రమాదం. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి మబ్బులోకి వెళ్లడం, పైలట్‌కు దిశాజ్ఞానం తప్పడం, ఎగురుతున్న స్థితిలోనే కొండకు తగలడం అని వాయుసేన ప్రకటించింది. అది చిన్న విమానం కాదు, నడిపినవాళ్లు కొత్తవాళ్లూ కాదు. మబ్బుకు లైసెన్సు చూసే అలవాటు లేదు.

---

వాన_కబురు:

చివరి ప్రశ్నకు, అంటే బెంగళూరు అంకెలకు, నేను రాస్తాను.

ముందు నియమం. 10,000 అడుగుల కింద వీఎఫ్ఆర్‌కు 5 కిలోమీటర్ల విజిబిలిటీ, మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగుల దూరం. కంట్రోల్ జోన్‌లో టేకాఫ్, ల్యాండింగ్‌కు సీలింగ్ (మబ్బు అడుగు ఎత్తు) 1,500 అడుగులకు తగ్గకూడదు. ఇవి చట్టం పెట్టిన కనీసాలు, సోలో విద్యార్థికి సరిపోయే అంకెలు కావు. ఎందుకో మన దారి మీదే చూద్దాం.

జక్కూరు నుంచి పుట్టపర్తికి మ్యాపు మీద నేరుగా గీత గీయండి. సుమారు 65 నాటికల్ మైళ్లు. ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రం) మీకిచ్చే దారి వేరే కావచ్చు, లెక్క కోసం గీత చాలు. దాదాపు 18 మైళ్ల దగ్గర, అంటే 100 నాట్లతో పదకొండో నిమిషంలో, ఆ గీత నంది కొండలకు కాస్త పడమరగా రాసుకుంటూ పోతుంది. జక్కూరు నేల సముద్రమట్టానికి 3,000 అడుగుల చుట్టూ ఉంటుంది. నంది శిఖరం 1,478 మీటర్లు, అంటే 4,850 అడుగులు. పక్కనే స్కందగిరి, దాదాపు అంతే ఎత్తు. సీలింగ్ 1,500 అని రిపోర్టు వచ్చిందనుకోండి. అది ఏరోడ్రోమ్ నేల నుంచి కొలిచిన ఎత్తు. ఆల్టిమీటర్‌లో (ఎత్తు చూపే గేజ్) క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు చూపించే పీడనం అంకె, పెట్టుకుంటే మబ్బు అడుగు 4,500 దగ్గర. నియమం ప్రకారం టేకాఫ్ చేయవచ్చు. నంది కొండ తల మాత్రం 350 అడుగుల మేర మబ్బులో ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మెటార్ (విమానాశ్రయం వాతావరణ రిపోర్టు) ఏరోడ్రోమ్ చుట్టూ సుమారు 8 కిలోమీటర్ల ఆకాశం గురించే చెబుతుంది. కెంపేగౌడ విమానాశ్రయం నుంచి నంది 19 కిలోమీటర్లు. అక్కడి మెటార్ ఎంత శుభ్రంగా ఉన్నా కొండ మీద మబ్బు పట్టి ఉండవచ్చు. గాలి వాలు వెంబడి పైకెక్కుతూ చల్లబడుతుంది కాబట్టి చదును మీద ఏమీ లేని రోజున కూడా కొండ టోపీ పెట్టుకుంటుంది. వారాంతాల్లో జనం తెల్లవారకముందే లేచి నందికి వెళ్లేది ఆ మబ్బు చూడటానికే కదా.

ఉష్ణోగ్రతకు, డ్యూపాయింట్‌కు (గాలిలోని తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) ఉన్న తేడా చూడటం అలవాటు చేసుకోండి. పగటిపూట ఎండకు పుట్టే పత్తి మబ్బులకు ఒక్కో డిగ్రీ తేడాకు 400 అడుగులు వేసుకోవచ్చు. 27, 21 అంటే 6 డిగ్రీలు, అడుగు 2,400 దగ్గర. తెల్లవారుజామున పరుచుకునే స్ట్రాటస్‌కు, పొగమంచుకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ చూడాల్సింది తేడా ఎటు పోతోందన్నది. విమానాశ్రయం మెటార్ అరగంటకోసారి వస్తుంది, వరుసగా నాలుగు పక్కపక్కన పెట్టండి. 4 డిగ్రీల తేడా 3 అయి, 2 అయి, గాలి 3 నాట్లకు పడిపోయి, పైన ఆకాశం తేటగా ఉంటే పొగమంచు దారిలో ఉన్నట్టే.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మనకు ఇదే పెద్ద గండం. అందరూ చేసే పొరపాటు, సూర్యుడొచ్చాడు కదా ఇక విడిపోతుంది అనుకోవడం. సూర్యోదయం అయిన వెంటనే నేల కాస్త వేడెక్కి, అడుగున ఉన్న తడిగాలిని కొద్దిగా కలబెడుతుంది. పలచగా ఉన్న మంచు అప్పుడే చిక్కబడటం మామూలు. 2,000 మీటర్లున్న విజిబిలిటీ సూర్యోదయం తర్వాత 600కు పడిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి మెరుగుపడుతోంది అన్న ఒక్క రిపోర్టు చూసి కదలకండి. వరుసగా రెండు రిపోర్టుల్లో విజిబిలిటీ 5,000 మీటర్లు దాటి, తేడా కూడా పెరుగుతూ ఉండాలి. అలాగే ఉదయం తూర్పు ముఖంగా ఎగిరితే సూర్యకాంతి మంచు పొరలో చెదిరి, రిపోర్టులో 5 కిలోమీటర్లున్నా కంటికి 2 కూడా ఆనదు. పడమర వైపు అదే గాలిలో బాగానే కనబడుతుంది.

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు కింద వేలాడే స్ట్రాటస్, సన్నని జల్లు, పడమటి గాలి. ఉరుములు తక్కువే, కానీ మబ్బు అడుగు మెల్లగా దిగుతూ మిమ్మల్ని నేలకు నొక్కుతుంది. ఇక ఏప్రిల్, మే మధ్యాహ్నాలు క్యుములోనింబస్‌లవి, అంటే ఉరుముల మేఘాలవి. వాటికి కనీసం 20 నాటికల్ మైళ్లు దూరంగా ఉండండి. రెండింటి మధ్య సందు కనబడిందని దూరవద్దు.

సోలోకు నేనైతే ఈ అంకెలు పెట్టుకోమంటాను. దారి మొత్తం మీద సీలింగ్ నేల నుంచి 3,000 అడుగులు, విజిబిలిటీ 8 కిలోమీటర్లు, తేడా 4 డిగ్రీలు, అదీ పెరుగుతూ. ఇందులో ఒక్కటి లేకపోయినా ఆ రోజు పుస్తకం పట్టుకోవడం మేలు. ఇవి నియమం కాదు, నా అభిప్రాయం. మీ ఇన్‌స్ట్రక్టర్ ఇంకా పెంచితే వాళ్ల మాటే వినండి.

---

ఎస్పీఎల్_జక్కూరు:

కుడిసీటు గారు, వాన_కబురు గారు, చాలా థాంక్స్. సీలింగ్ నేల నుంచి కొలుస్తారని తెలుసు, కానీ దాన్ని నంది ఎత్తుతో పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. ఇంకో ప్రశ్న. ఇన్ని చూసుకున్నా లోపలికి వెళ్లిపోయాననుకోండి. ఆ క్షణం నుంచి వరుసగా ఏం చేయాలి? ఎటు తిప్పాలి?

---

సీమ_గగనం:

తమ్ముడూ, అసలు తిప్పొద్దు. శిక్షణ లేనివాడు మబ్బులో మలుపు మొదలుపెట్టడమే చావుకు దారి. రెక్కలు సమంగా పెట్టు, ఫుల్ పవర్ ఇవ్వు, నేరుగా ఎక్కు. పైన మబ్బు దాటితే ఎండ ఉంటుంది, కొండ భయం ఉండదు.

---

కుడిసీటు:

సీమ_గగనం గారు చెప్పినదాంట్లో ఒక ముక్క నూటికి నూరుపాళ్లు సరైనది. ముందు రెక్కలు సమం. మిగతాదాన్ని నేను ఒప్పుకోలేను, కారణం మన ఎత్తే. బెంగళూరులో 30 డిగ్రీల ఎండలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని ఎత్తుగా చెప్పే లెక్క) 5,500 అడుగుల చుట్టూ ఉంటుంది. నేల మీద ఉండగానే అంత. 4,500 నుంచి 6,000కు ఎక్కాలంటే నిండు బరువుతో 172కు నిమిషానికి 500 అడుగులు వేసుకున్నా 3 నిమిషాలు. 75 నాట్లతో ఆ 3 నిమిషాల్లో 7 కిలోమీటర్లు ముందుకెళతారు, అదీ కొండ ఉన్న వైపుకే. 152 అయితే ఇంకా ఎక్కువ. స్ట్రాటస్ పైఅంచు ఎక్కడుందో మీకు తెలియదు. పైకి తేలినా కింద మూసుకుపోయి ఉంటే మళ్లీ అదే మబ్బులోంచి దిగాలి. వెనక మాత్రం ఒక నిమిషం క్రితం కనబడిన గాలి ఉంది. కాబట్టి ఎదురుగా, పక్కన నేల ఎత్తుగా లేకపోతే వెనక్కి తిరగడమే. లోయలో ఇరుక్కుని రెండు పక్కలా కొండ ఉంటే మాత్రం వారి మాట కరెక్ట్, నేరుగా ఎక్కడం తప్ప మార్గం లేదు.

వరుస ఇదీ. బయట తెల్లబడగానే కిటికీలోంచి కళ్లు తీసేయండి. మళ్లీ బయట వెతకొద్దు. ఒకసారి లోపల, ఒకసారి బయట చూడటమే సగం మందిని చంపుతుంది. యాటిట్యూడ్ ఇండికేటర్‌లో (విమానం వాలు చూపే గేజ్) చిన్న విమానం గుర్తు రెక్కలు గీతతో సమంగా పెట్టండి. యోక్‌ను పిడికిలితో కాదు, రెండు వేళ్లతో పట్టండి. భయంలో చేయి బిగుసుకుంటుంది, బిగిసిన చేయి తెలియకుండానే లాగుతుంది. ఇప్పుడు ఒక్క ఊపిరి తీసుకోండి. విమానం ట్రిమ్‌లో (చేయి వదిలినా నిలకడగా ఎగిరేలా సర్దిన స్థితి) ఉంటే దాన్ని వదిలేస్తేనే బాగా ఎగురుతుంది. అదుపు తప్పించేది మన చేతులు.

10 సెకన్లు అలా నిలబెట్టాక హెడింగ్ (విమానం ముక్కు ఉన్న దిక్కు, డిగ్రీల్లో) చూసి పైకి చదవండి. 010 అనుకుంటే తిరిగి రావాల్సింది 190. ఎటు తిప్పాలన్నది మబ్బులో ఆలోచించకూడదు, నేల మీదే కార్డు మీద రాసుకోవాలి. పుట్టపర్తి గీత మీద నంది కుడివైపు ఉంది కాబట్టి మలుపు ఎడమకు. బ్యాంక్ 15 డిగ్రీలు, అంతే. టర్న్ కోఆర్డినేటర్‌లో (మలుపు రేటు చూపే గేజ్) చిన్న విమానం రెక్క కింది గీతను తాకితే అదే స్టాండర్డ్ రేట్. మిగతా గేజ్‌లను ఒక్కో చూపు చూసి ప్రతిసారీ యాటిట్యూడ్‌కే తిరిగి రండి. ఎత్తు, మళ్లీ యాటిట్యూడ్. హెడింగ్, మళ్లీ యాటిట్యూడ్. ఎత్తు 100 అడుగులు అటూ ఇటూ అయితే పట్టించుకోవద్దు, వెంటపడి సరిచేయబోతే అసలుకే మోసం. 200 కనబడగానే రెక్కలు సమం చేయడం మొదలుపెడితే 190కి వచ్చేసరికి సరిపోతుంది. ఆ క్షణంలో అవతలి వైపు వాలుతున్నట్టు అనిపిస్తుంది, తప్పకుండా అనిపిస్తుంది. గేజ్‌నే నమ్మండి.

ఒకవేళ స్పీడ్ పెరుగుతూ, ఎత్తు పడిపోతూ, గాలి హోరు వినబడితే స్పైరల్‌లో ఉన్నట్టు. మొదట థ్రాటిల్ వెనక్కి. రెండోది రెక్కలు సమం. మూడోది మెల్లగా ముక్కు ఎత్తడం. ఈ వరుస తారుమారు కాకూడదు. రెక్కలు సమం కాకముందే లాగితే మలుపు బిగుస్తుందని పైన చెప్పాను కదా. ఇంకోటి, రెక్కలు సమం కాగానే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. ఎందుకంటే విమానం ట్రిమ్ అయింది 100 నాట్లకు, మీరున్నది 140లో. అప్పుడు ఇంకా లాగితే రెక్కల మీద భారం పరిమితి దాటుతుంది. 172కు అది 3.8 జీ. అవసరమైతే కాస్త ముందుకే నొక్కి పట్టాలి.

---

హ్యాంగర్_నుంచి:

గేజ్‌ను నమ్మండి అన్నది నిజమే, కానీ ఆ గేజ్ నమ్మదగ్గదేనా అన్నది నేల మీద తేల్చుకోవాలి.

పాత ప్యానెల్ ఉన్న 152, 172లలో యాటిట్యూడ్, హెడింగ్ గేజ్‌లు వాక్యూమ్ (పంపు గాలిని లాగడం) మీద తిరుగుతాయి. టర్న్ కోఆర్డినేటర్ మాత్రం కరెంటు మీద. కావాలనే అలా వేరు చేశారు, ఒకటి పోతే ఇంకోటి ఉండాలని. ఆ వాక్యూమ్ చూపే సక్షన్ గేజ్ 4.5 నుంచి 5.5 అంగుళాల మధ్య ఉండాలి. పంపులో ఉండేవి కార్బన్ పలకలు, అరిగి అరిగి ఒక్కసారిగా విరుగుతాయి. 152లో పంపు ఒక్కటే. పంపు పోయిన వెంటనే యాటిట్యూడ్ ఇండికేటర్ ఆగిపోదు, అదే ప్రమాదం. గైరో (గేజ్ లోపల తిరిగే చక్రం) వేగం తగ్గుతూ కొన్ని నిమిషాలపాటు మెల్లగా ఒరుగుతుంది, పైలట్ దాన్ని సరిచేస్తూ విమానాన్ని వాలుస్తాడు. యాటిట్యూడ్ వాలిందంటుంటే టర్న్ కోఆర్డినేటర్ సమంగా ఉందంటుంటే ముందు సక్షన్ గేజ్ చూడండి. అది సున్నా దగ్గరుంటే ఆ గేజ్ మీద కాగితం ముక్క అంటించేయండి. కంటికి కనబడితే నమ్మాలనిపిస్తుంది. నీబోర్డు (తొడకు కట్టుకునే పలక) మీద అంటుకునే చీటీలు రెండు పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

టాక్సీ చేసేటప్పుడే చూసుకోవచ్చు. ఎడమకు తిరిగితే టర్న్ కోఆర్డినేటర్ రెక్క ఎడమకు వాలాలి, దాని కింద ఉండే బంతి కుడికి పోవాలి, హెడింగ్ తగ్గాలి, యాటిట్యూడ్ దాదాపు కదలకూడదు. 5 డిగ్రీలకన్నా ఒరిగితే ఆ విమానం వదిలేసి స్నాగ్ (లోపం నమోదు) రాయండి. విమానం గుర్తును గీతతో సరిపెట్టడం కూడా అక్కడే, గాలిలో ఆ గుండీ ముట్టుకోవద్దు.

కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) లోపల పట్టే ఐస్ గురించి ఎవరూ రాయలేదు. 152 ఇంజన్‌కు కార్బ్యురేటరే, ఇంజెక్షన్ 172ఎస్‌కు ఈ బాధ లేదు. బెంగళూరులో మంచు ఎక్కడిది అనుకుంటారు. ఉష్ణోగ్రత 18, డ్యూపాయింట్ 16 ఉన్న చలికాలపు ఉదయం దానికి సరిగ్గా అనువైనది. వెంచురీలో (కార్బ్యురేటర్‌లోని ఇరుకు గొట్టం) గాలి విస్తరించి, పెట్రోలు ఆవిరై, లోపల 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. మబ్బు కింద నేల దగ్గరగా, పవర్ తగ్గించి వెళుతుంటే ఇంకా త్వరగా పేరుకుంటుంది. లక్షణం ఏమిటంటే మీరు థ్రాటిల్ ముట్టకుండానే ఆర్పీఎం 50, 100 చొప్పున జారుతుంది. అప్పుడు కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌కు వేడి గాలి పంపే గుండీ) పూర్తిగా లాగాలి, సగం కాదు. ముందు ఆర్పీఎం ఇంకా పడుతుంది, కరిగిన నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లి కాసేపు దడదడలాడుతుంది. అక్కడ భయపడి హీట్ వెనక్కి నెట్టేస్తారు, అదే తప్పు. అలాగే ఉంచితే పూర్తిగా కరిగాక ఆర్పీఎం మళ్లీ ఎక్కుతుంది. వాతావరణం, ఇంజన్ రెండూ ఒకేసారి చెడితే కొత్త పైలట్‌కు మోయలేని భారం, కాబట్టి అలాంటి ఉదయం 10 నిమిషాలకోసారి హీట్ లాగి చూడటం అలవాటుగా పెట్టుకోండి.

క్యూఎన్‌హెచ్ కూడా. ఒక హెక్టోపాస్కల్ తప్పితే దాదాపు 30 అడుగులు. 5 తప్పితే 150 అడుగులు, అదీ నంది పక్కన.

---

ఎస్పీఎల్_జక్కూరు:

హ్యాంగర్_నుంచి గారు, పంపు పోయాక గైరో మెల్లగా ఒరుగుతుందన్నది అసలు తెలియదు. చివరిగా రేడియో సంగతి. మబ్బులోకి వెళ్లానని చెబితే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) దాకా పోతుందేమో, లైసెన్సు మీదకు వస్తుందేమో అని చాలామంది నోరు విప్పరని విన్నాను. ఎప్పుడు చెప్పాలి, ఏం చెప్పాలి?

---

వాన_కబురు:

రెక్కలు సమం అయ్యాక, మలుపు మొదలుపెట్టే ముందో, పూర్తయ్యాకో. మలుపు మధ్యలో వద్దు. తల వంచి రేడియో నాబ్ తిప్పితే మలుపులో ఉన్న చెవి ద్రవానికి ఇంకో దిక్కు తోడవుతుంది, విమానం తలకిందులైనట్టు అనిపిస్తుంది. అందుకే ఉన్న ఫ్రీక్వెన్సీలోనే మాట్లాడండి. అక్కడ ఎవరూ పలకకపోతేనే 121.5, అంటే అత్యవసర ఫ్రీక్వెన్సీ. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు కోడ్ పంపే పరికరం) అత్యవసర కోడ్ 7700 తర్వాత, చేయి ఖాళీ అయ్యాక.

చెప్పాల్సింది, మేడే అని మూడుసార్లు, కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు), వీఎఫ్ఆర్ పైలట్‌ని, మబ్బులో ఉన్నాను, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, ఇంత హెడింగ్, ఇంత ఎత్తు, ఇంతసేపటికి ఇంధనం ఉంది. సోలో విద్యార్థి అని కూడా చెప్పండి. ఆ ఒక్క మాటతో కంట్రోలర్ తీరు మారుతుంది. ఒక్కోసారి ఒక్కో సూచనే ఇస్తారు, ఫ్రీక్వెన్సీ మార్చమనరు, చిన్న చిన్న మలుపులే అడుగుతారు. మీ ఎత్తు సరిపోతుందో లేదో రాడార్ మీద చూసి చెప్పగలిగేది వాళ్లే. అది మీ కళ్లకు లేని చూపు. లైసెన్సు గురించి కాగితాలు నేల మీదకొచ్చాక రాసుకోవచ్చు.

---

కుడిసీటు:

రేడియో గురించి ఒక ముఖ్యమైన సంగతి కలుపుతాను. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ప్రయాణిస్తూ ప్రమాదంలో పోయిన సికోర్‌స్కీ ఎస్-76బీ హెలికాప్టర్ పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. మబ్బు దాటడానికి 4,000 అడుగులకు ఎక్కుతున్నానని ఏటీసీకి చెప్పాడు. నిజానికి అప్పటికే ఎడమకు వాలి దిగుతున్నాడు. తను దిగుతున్నట్టు అతనికి తెలియలేదు. కాబట్టి మీరు ఏటీసీకి ఎత్తు చెప్పేటప్పుడు గుర్తున్నది చెప్పకండి, ఆల్టిమీటర్ చూసి ముల్లు ఎక్కడుందో అదే చదవండి. ఆ చదవడంలోనే ఎక్కుతున్నారో దిగుతున్నారో మీకే బయటపడుతుంది.

ఎస్పీఎల్ గారు, సోలోకు ముందు మీ ఇన్‌స్ట్రక్టర్‌ను ఒక్కటి అడగండి. హుడ్ (బయటిది కనబడకుండా చేసే ముసుగు) పెట్టించి, తేటగా ఉన్న రోజున, వెనక్కి తిరిగే మలుపు ఐదు సార్లు చేయించమనండి. అందులో రెండుసార్లు యాటిట్యూడ్ ఇండికేటర్ మీద కాగితం అంటించి, టర్న్ కోఆర్డినేటర్, గడియారంతో మాత్రమే. కార్డు మీద మూడు రాసుకోండి. ఎడమ మలుపు, 190. నంది శిఖరం 5 మైళ్ల దూరం నుంచి పూర్తిగా కనబడకపోతే వెనక్కి. మబ్బు కింద ఉండటం కోసం అనుకున్న ఎత్తు నుంచి 500 అడుగులు దిగాల్సి వస్తే అప్పుడే వెనక్కి, ఎంత బాగా కనబడుతున్నా సరే.

---

ఎస్పీఎల్_జక్కూరు:

రాసుకున్నాను. రేపు బ్రీఫింగ్‌లో హుడ్ కింద ఐదు మలుపులు అడుగుతాను. పుట్టపర్తి నుంచి తిరుగు ప్రయాణానికి మలుపు ఎటు అన్నది కూడా లెక్కేశాను. నంది అప్పుడు ఎడమవైపు వస్తుంది కాబట్టి కుడికి, హెడింగ్ 190 నుంచి 010కి. తప్పుంటే చెప్పండి.

---

కుడిసీటు:

సరిగ్గా ఉంది. కార్డుకు ఒక పక్క వెళ్లేది, రెండో పక్క వచ్చేది రాయండి. రెండూ ఒకే వైపు ఉంటే మబ్బులో తప్పు వరుస చదువుతారు.